నీళ్లకు కూడా తోక

పెద్దబాపు పోయారని కోరుట్ల నుంచి తమ్ముడు ఫోన్ చేసినప్పుడు, సిరిసిల్లలో మా వీధి మగ్గాలన్నీ నడుస్తున్నాయి. ఆ మోతలో వాడి మాట అందక మళ్లీ మళ్లీ అడిగాను. "పెద్దబాపు పోయిండక్కా" అని అరవాల్సి వచ్చింది వాడికి. మెల్లగా చెప్పాల్సిన మాట అది. ఆ అరుపు ఇంకా నా చెవిలోనే తిరుగుతోంది.

మా నాన్నకు అన్న ఆయన. చర్చి ఫాదర్ కావాలని సెమినరీ చదువుకు వెళ్లి, సగంలో తిరిగొచ్చి, ఇంగ్లీషు పంతులయ్యారు. లాటిన్ మాత్రం వెంటే వచ్చింది. చర్చిలో మేము పాడే లాటిన్ పాటలకు అర్థం తెలియక చిరాకేసి, నేర్పమని పోయిన ఏడాది ఆయన వెంటపడ్డాను.

ఆదివారం చర్చిలో పూజ కాగానే కోరుట్లలో వాళ్లింట్లో పాఠం. కుర్చీలో కూర్చునేది నేనొక్కదాన్నే. ఆయన ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ, చటుక్కున నా వెనక ఆగి, తప్పున్న మాట చివర వేలు పెట్టేవారు. తప్పు లేకపోతే ఏమీ అనరు. మెచ్చుకుంటారేమోనని తల వంచుకుని ఎదురుచూస్తే మెడనొప్పే మిగిలేది.

'పిల్ల నీళ్లు తెస్తోంది' అన్నదానికి 'పుఎల్లా ఆక్వా పోర్తాత్' అని రాశాను. వేలు 'ఆక్వా' దగ్గర, అంటే నీళ్ల దగ్గర ఆగింది. మాట చివర చేరే ప్రత్యయాన్ని ఆయన తోక అనేవారు.

"తోకేది బిడ్డా?"

"నీళ్లను తెస్తంది అంటమా పెద్దబాపూ? నీళ్లు తెస్తంది అంటం గని."

"మనకు నడుస్తది. గా భాషల నీళ్లకు గూడ మర్యాద ఇయ్యాలె. ఆక్వామ్ అను."

ఆ తరువాత బిందె ఎత్తినప్పుడల్లా 'ఆక్వామ్' అనుకుని నవ్వుకునేదాన్ని. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న నా భాషను నాకు కొత్తగా చూపించిన మనిషి ఆయన. ఆ రుణం తీరేది కాదు.

తన సమాధి రాయి మీద లాటిన్ మాట నేనే రాసివ్వాలని పెద్దమ్మకు చెప్పి పోయారట. 'రెక్వియెస్కిత్' అంటే విశ్రమిస్తున్నారు అని. 'రెక్వియెస్కాత్' అంటే విశ్రమించుగాక అని. తేడా అంతా తోకలోనే. అందరూ రాసేది రెండోదే. నాకు మాత్రం మొదటిదే కావాలనిపించింది. ఆయనకు శాంతి దొరికిందని ఎవరైనా గట్టిగా చెబితే బాగుండునని ఉంది.

పెద్దమ్మ విని, "మీ పెద్దబాపు ఒక్కకాడ కుదురుగ కూసున్నది నువ్వెన్నడన్న చూసినవా?" అంది. అందుకే 'కాత్' అని రాసిచ్చాను. అప్పటి నుంచీ నాకూ కుదురు లేదు.

ఇవాళ జగిత్యాలలో రాయి చెక్కే అతను సుద్దముక్కతో అక్షరాలు గీసి పిలిచాడు. "ఒకపారి చూస్కో మేడం. ఉలి పడ్డంక దిద్దరాదు."

తోక కింద వేలు పెట్టాను. వెనక ఎవరూ ఏమీ అనలేదు. అతను ఉలి పట్టుకుని నా వైపే చూస్తున్నాడు. నేనింకా తల ఎత్తలేదు. మెడ నొప్పి పెడుతోంది.