ఎదిగిన పిల్ల మళ్ళీ పాపయింది

ఈ రోజు ముదలియార్‌పేటలో నేను పనిచేసే బాల్వాడిలో నాలుగేళ్ళ కవిన్ తోటి పిల్ల చెయ్యి కొరికాడు. వాడికిది అలవాటే. సాయంత్రం వచ్చిన వాళ్ళమ్మ మందలిస్తే "పో పాపా!" అని నవ్వాడు. పదిహేడేళ్ళకే తల్లయిన ఆమెను ఇంట్లో అందరూ ఇప్పటికీ పాప అనే పిలుస్తారు. వాడికీ అదే వచ్చింది.

కాటు పడ్డ పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళవ్వ అందుకుంది. "అమ్మనే పాపా అనేవానికి భయం యాడ్నించి వస్తాది టీచరమ్మా? ఈ పాపకి బిడ్డను పెంచేది తెలీదు. రేపట్నించి వాణ్ణి రానియ్యొద్దు."

కవిన్ తల్లి వాణ్ణి దగ్గరికి లాక్కుంది. ఆమె పెళ్ళి కుదిర్చింది ఈ అవ్వే.

"మీరు సంబంధం తెచ్చినప్పుడు పాప అని తెలీలేదా అవ్వా?" అన్నాను.

"అప్పుడేంది, బాగా ఎదిగిన పిల్ల గదా!" అంది, సిగ్గనేదే లేకుండా.

కవిన్ రేపూ వస్తాడు, నా పక్కనే కూర్చుంటాడు అని చెప్పి పంపేశాను. వాడి కొరుకుడు ఓపిక పడితే మానుతుంది. అవ్వ బుద్ధికి మాత్రం నా దగ్గర మందు లేదు. అప్పట్లో ఎదిగిన పిల్ల ఇన్నేళ్ళకు మళ్ళీ పాప ఎలా అయిందో తెలిసినవాళ్ళు కింద రాయండి. అవ్వకు తెలుగు చదవడం రాదు, నేనే గట్టిగా చదివి వినిపిస్తాను.