బండ ఉన్న చోటు

మా గైడ్స్ టీచర్ మంగళవారం తెల్లవారుజామున నిజాంపేటలో, కూతురి ఇంట్లో చనిపోయారు. గుండెపోటు అని చెప్పారు.

మాదాపూర్‌లోని మా ప్రభుత్వ పాఠశాలలో ఆమె సాంఘిక శాస్త్రం చెప్పేవారు. సాయంత్రాలు ఆడపిల్లలకు స్కౌట్స్ అండ్ గైడ్స్ శిక్షణ ఇచ్చేవారు. తాడు ముడులు, ప్రథమ చికిత్స, కట్టెల పొయ్యి మీద వంట, పటం గీయడం. చీర కట్టి కాన్వాస్ బూట్లు వేసుకునేవారు. ఒకసారి స్టాఫ్ రూంలో ఎవరో, "ఏంది టీచర్, పరుగుపందెమా?" అన్నారు. "అవును, వస్తవా?" అని టీచర్ అడిగారు. ఎవరూ రాలేదు.

తొంభైల చివర్లో మా చుట్టూ గుట్టలు పేల్చి ఆఫీసులు కడుతున్న రోజులవి. నేను తొమ్మిదో తరగతి. గైడ్స్ రాష్ట్ర పురస్కారం పరీక్షకు పేరిచ్చాను. నాన్న ముందే చెప్పేశారు: "దీంట్ల ఫెయిలైతే గైడ్స్ ఇగ బంద్. పదోతరగతి చదువుకో." టీచర్‌కు ఆ మాట చేరవేశాను.

"ఫెయిలైతే కదా," అన్నారు.

దిక్సూచి పట్టుకుని నడిచి బడి పరిసరాల పటం గీయడం పరీక్షలో ఒక భాగం. ముందుగానే గీసి ఇచ్చాను. రోడ్డు పక్కనున్న పెద్ద బండను అందులో గుర్తుగా పెట్టాను. పరీక్షాధికారి పటంతో వచ్చేసరికి అక్కడ బండ లేదు. ముందురోజే పేల్చేశారు.

"మేడమ్, లేని బండను మీ అమ్మాయి ఎలా గీసిందండి?"

"గీసిననాడు ఉండె సార్."

"నాకు కనిపించినదానికే మార్కులండి."

"అయితే జర నిలబడున్రి. మళ్ల గీస్తది."

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. టీచర్ కొత్త కాగితం చేతిలో పెట్టారు. "ఏడుస్తవా, గీస్తవా? రెండూ చేస్తే కాగితం తడుస్తది."

గీశాను. బండ ఉన్న చోట చుక్కలతో గుండ్రంగా గీత పెట్టి, 'ఇక్కడ బండ ఉండేది' అని రాశాను. అలా రాయమని ఎవరూ చెప్పలేదు.

"అది చెరిపెయ్యమ్మా, సంతకం పెడతాను," అన్నారాయన.

"చెరపను సార్."

అంతకుముందు పెద్దవాళ్లకు ఎదురు చెప్పి ఎరుగను. టీచర్ వైపు చూశాను. ఆమె వంగి బూటు లేసు కట్టుకుంటున్నారు. మిగతాది నేనే మాట్లాడాలని అర్థమైంది.

"ఎవరినైనా అడగండి సార్."

ఆయన రోడ్డు దాటి చాయ్ అమ్మేవాణ్ని అడిగారు.

"బండనా? దాని నీడకే చాయ్ అమ్ముకునేటోన్ని సార్. ఇప్పుడు గీ ఎండల చాయ్‌తోటి నేను గూడ మరుగుతున్న."

అధికారి నవ్వి, అక్కడే సంతకం పెట్టారు. ఇంట్లో నాన్న బంద్ అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇరవై ఏళ్లకు పైగా విలేకరిగా పనిచేస్తున్నాను. రాసింది చెరిపెయ్యమని చాలామందే అడిగారు. వాళ్లకూ అదే జవాబు ఇచ్చాను.

రిటైరయ్యాక టీచర్ పుప్పాలగూడలో ఒక బడి పిల్లలకు నేర్పుతూ వచ్చారు. ఈ ఆదివారం ఆ పిల్లల తొలి హైక్, ఊరి బయటికి కాలినడక. వాయిదా వేద్దామని బడివాళ్లు అంటే పిల్లలు ఒప్పుకోలేదు. బియ్యం, గిన్నెలు పంచుకున్నారు. పొద్దున ఆరున్నరకు బడి గేటు దగ్గర్నుంచి బయలుదేరతారు. టీచర్ చోట అందరికంటే ముందు ఎవరు నడవాలన్నది శనివారం సాయంత్రం తేల్చుకుంటారు.