మా నల్లెద్దు చెప్పిన సాక్ష్యం

ఒక సీసాడు ఎద్దు పంచితంతో నా కాపురాన్ని, ప్రాణాన్ని ఒకే పొద్దున ఎలా పోగొట్టుకోబోయానో చెబుతాను. పక్కన పిల్లలుంటే బయటికి పంపండి. ఉన్నా ఫరవాలేదు, వాళ్ళకైనా నాకంటే బుద్ధి వస్తుంది.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. బళ్ళారి పక్క కూరెకుప్ప అనే పల్లెలో సేద్యం, సండూరు కొండల నుంచి గని రాయి తోలే లారీ ఒకటి. ఒళ్ళు గట్టిదే, మనసు నిండా అనుమానం. అనుమానం పెనుభూతం అంటారు. తక్కినవాళ్ళను ఆ భూతం పట్టి వదిలేస్తుంది, నా దగ్గర మాత్రం పొయ్యి పెట్టుకుని కాపురమే చేసింది. పాలు చిక్కగా ఉంటే పిండి కలిపారంటాను, పలచగా ఉంటే నీళ్ళంటాను.

అలాంటి నాకు చెప్పుకోరాని చోట దురద పట్టుకుంది. ముందరి తోలు కింద ఎరుపు, పెరుగు తరకల్లాంటి తెల్లటి పొర, ఒంటికి పోతే మంట. వేపాకు నీళ్ళతో కడిగితే తగ్గింది. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. బట్టల సబ్బుతో తోమాను, ఇంకా మండింది. మూడోసారి తోలు పగిలింది. కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంటే ఊళ్ళోవాళ్ళు "ఏందప్పా ఆ నడక?" అనేవాళ్ళు. "లారీ సీటు సరిగ్గా లేదు" అనేవాణ్ణి.

ఎవరిని అనుమానించాలి? ముందు హొసపేట హోటల్లో మొహం తుడుచుకున్న తువ్వాలును అనుమానించాను. తరువాత, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే, నా భార్య రత్నమ్మను.

"యాడ తగిలించుకోని వచ్చినావు?" అందామె ఒకనాడు.

"నేను యాడికీ పోలేదు. నువ్వే చెప్పల్ల!"

ఆ మాటకు రత్నమ్మ మొహం తెల్లబోయింది. లోపలికి పోయింది.

చివరికి బళ్ళారి పోయి ఒక డాక్టరుకు చూపించుకున్నాను. కన్నడం మనిషి, మన తెలుగూ వచ్చు. చూసి, పూతమందు ఇచ్చి, "మల్లా మల్లా వస్తాందంటే లోపల ఏందో కారణం ఉండాది. రేపు పొద్దన్న సీసాలో మూత్రం పట్టుకోని రా. హెండతినీ, అదే, నీ పెండ్లాన్నీ పిల్చుకోని రా" అన్నాడు. పరీక్ష దేనికని నేనడగలేదు. మనిషి చేసిన పాపాలన్నీ ఆ సీసాలో తేలతాయని నాకు నేనే తీర్మానించుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే రత్నమ్మ మూట కట్టింది.

"నేనూ వస్తా. తప్పు నీదని తేలితే ఆణ్ణించి అట్లే కెంచనగుడ్డకి, మా నాయన ఇంటికి పోతా. మల్లా నీ గడప తొక్కను."

ఆమె అన్నదంటే చేస్తుంది. నేను ఏ తప్పూ చెయ్యలేదు మహాప్రభో! కానీ నా మూత్రం మీద నాకే నమ్మకం లేదు. ఆ తువ్వాలు నా పేరు చెడగొడితే?

తెల్లవారి దొడ్లోకి పోతే నల్లెద్దు కనిపించింది. విత్తులు కొట్టించిన ఎద్దు. పరస్త్రీ సంగతి అటుంచండి, స్వస్త్రీని కూడా ఎరగదు. తాలూకా మొత్తం వెతికినా అంతటి శీలవంతుడు దొరకడు. సీసా నిండింది.

బళ్ళారిలో డాక్టరు గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నాలుగు చుక్కలు వేసి దీపం మీద కాచాడు. నీలం నీలంగానే ఉంది.

"చూసినావా!" అన్నాను రత్నమ్మతో, ఛాతీ విరిచి.

డాక్టరు సీసాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నన్ను చూశాడు. మళ్ళీ వాసన చూశాడు.

"ఏం తింటావప్పా?"

"జొన్నరొట్టె, పుంటికూర సార్."

"హుల్లు తింతీయా?"

గడ్డి తింటావా అని! నేను నోరు తెరిచేలోగా రత్నమ్మ అందుకుంది. "సార్, తెల్లారి ఈయన ఎద్దు యెనకాల సీసా పట్టుకోని కూచోనుండె. ఏందో నాటుమందు చేస్తాండాడు అనుకుంటి!"

"మా నాయనా సేద్యగాడేనప్పా. ఈ వాసన నాకు తెలీదా?" అని డాక్టరు ఇంకో సీసా చేతికిచ్చాడు. నేను వెళ్ళిన చోటికి రత్నమ్మ కూడా వచ్చి తలుపు దగ్గర కాపలా నిలబడింది.

ఈసారి నీలం కాస్తా పచ్చగా మారి, పసుపై, ఇటుక రంగుకొచ్చింది. నా పాపం పండిందనుకున్నాను. "నేను యాడికీ పోలేదు రత్నమ్మా!" అని అక్కడే కూలబడి భోరుమన్నాను.

"లే, లే. ఎవురూ యాడికీ పోలేదు. ఇది సక్కరె కాయిలె, చక్కెర జబ్బు" అన్నాడు డాక్టరు. "మూత్రంలో చక్కెర పోతే ఆడ బూజు పడతాది. పూతతో తగ్గినా మల్లా వస్తాది. దప్పిక అయితాందా?"

"చెంబులకి చెంబులు తాగుతాండా సార్."

"ఈయన పోసిన తావున చీమలు బారులు కడతాండాయి" అంది రత్నమ్మ.

"సబ్బుతో తోమద్దు. ఉత్త నీళ్ళతో కడిగి, తడి తుడిచి మందు రాయి. అమ్మా, నీకూ దురద ఉంటే చెప్పు, మందిస్తా. చక్కెరకి వేరే మందు, పథ్యం. ఎద్దు మాట నమ్మి నిన్ను పంపించింటే, లోపల్లోపలే ఈ జబ్బు నిన్ను తినేసుండు."

బయటికొచ్చాక నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "నిన్ను ఆ మాటన్నా. తప్పయింది" అన్నాను. రత్నమ్మ మూట నా నెత్తిన పెట్టి, "నీ నడత మీద అనుమానం పోయిండాది. ఇప్పుడు నీ బుద్ధి మీద వచ్చిండాది. నడువు ఇంటికి" అంది.

కాబట్టి పాఠకులారా, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఒంట్లో ఏ మూల ఏ రోగం రెండోసారి తలుపు తట్టినా, సిగ్గు గూట్లో పెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాను. ఆయనిచ్చిన సీసాలో నాది తప్ప మరే ప్రాణిదీ పొయ్యను.

రత్నమ్మ ఈ ప్రమాణాన్ని నమ్మలేదు. ఈనాటికీ నేను సీసా పట్టుకుని వెళితే తలుపు బయట నిలబడి అడుగుతుంది: "నీదేనా?"