గెడ్డ అవతలి దేశం

నిన్న టీవీలో కొత్త విదేశాంగ మంత్రి ప్రమాణం చేస్తుంటే గుర్తుపట్టాను. తొంభైలలో ముంచింగిపుట్టు దగ్గర మా ఊరి గెడ్డ మీద వంతెన కట్టడానికి వచ్చిన కుర్ర ఇంజినీరు ఆయనే. రోజూ మా ఇంట్లో చోడి అంబలి తాగేవాడు. మా అక్క చేత అక్షరాలు దిద్దించేవాడు.

నీళ్లలో రెండు స్తంభాలు లేచేసరికి ఆయనకు ఢిల్లీలో పెద్ద ఉద్యోగం వచ్చింది.

"రాయబారినవుతాను. దేశాల మధ్య మాట కలపాలి," అన్నాడు వెళ్లేముందు.

గెడ్డకు ఇవతల మాది ఒక దేశం, ఆసుపత్రి ఉన్న అవతలి ఒడ్డు ఇంకో దేశం అనుకున్నాను. ఆ రెంటినీ కలపడానికి తిరిగొస్తాడని నమ్మాను.

ఆ వానాకాలం అక్కకు మలేరియా ముదిరింది. నాన్న, చిన్నాన్న డోలీలో మోసుకెళ్లేసరికి గెడ్డ పొంగి ఉంది. నీళ్లు తగ్గుతాయని ఒడ్డునే కూర్చున్నాం.

"ఏడవకే అక్కా. ఇంజినీరు బాబు బేగి వచ్చేత్తాడు," అని చెవిలో చెప్పాను. అక్క తలూపింది. సాయంత్రానికి ప్రాణం పోయింది.

ఆయన వెళ్లాక ఆ వంతెన పనిని ఎవరూ ముట్టుకోలేదు. అది ఆయన తప్పని అనలేను. రాయబారిగా ఆయన ఆపిన గొడవల గురించి పేపర్లో చదివాను. ఆయన వల్ల ఆ దేశాల్లో ఎందరో బతికి ఉంటారు.

అమ్మ టీవీకి దగ్గరగా జరిగింది.

"ఈ బాబేనా? జుత్తంతా నెరిసిపోనాది," అంది. "మన పెద్దగుంట సచ్చిపోయినట్టు ఈయనకి తెల్దు కదే?" అని అడిగింది.

తెలియదన్నాను.

"పోన్లే. తెలిత్తే ఏడుత్తాడు."