పిడికిట్లో కరిగిన చాక్లెట్

2006లో మేం అమెరికాలో, చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో ఉండేవాళ్ళం. డిపెండెంట్ వీసా మీద నాకు ఉద్యోగం చేసే వీలు లేదు. మా ఆయన ఆఫీసుకు వెళ్ళాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప మరొకటి వినబడేది కాదు. విజయవాడ హేతువాద సభల్లో గంటల తరబడి వాదించిన దాన్ని, మాట్లాడటానికి మనిషి దొరక్క, పేద పిల్లల కోసం నడిచే ఒక ప్రీస్కూల్‌లో వాలంటీర్‌గా చేరాను.

అక్కడ నాలుగేళ్ళ పిల్ల ఒకతి ఎడమ చెంప గోడవైపు పెట్టుకుని మూలన కూర్చునేది. ఎవరితోనూ ఆడేది కాదు. దగ్గరకొస్తే కొరికేది. ఇంకోసారి కొరికితే బడి మానిపిస్తామని టీచర్ తల్లికి చెప్పేసింది. ఆ తల్లి హోటల్లో గదులు శుభ్రం చేస్తుంది. బడి పోతే పిల్లను చూసేవాళ్ళు లేరు.

నా పుట్టినరోజు వచ్చింది. మన బళ్ళలో లాగే పిల్లలందరికీ చాక్లెట్లు పంచాను. ఏ పిల్లకైనా పడనిది అందులో ఉందేమోనని టీచర్ ప్యాకెట్ మీది అక్షరాలన్నీ చదివాకే ఒప్పుకుంది. అందరూ తినేశారు. ఆ పిల్ల మాత్రం పిడికిట్లో పట్టుకుని కూర్చుంది.

"ఎంత ఓపికో చూడండి. అమ్మకోసం దాచుకుంది కాబోలు" అని టీచర్‌తో మెచ్చుకున్నాను. అడగని, అల్లరి చేయని పిల్ల మన కళ్ళకు బుద్ధిమంతురాలే. సాయంత్రానికి చాక్లెట్ కరిగి ఆమె వేళ్ళ మధ్య నుంచి కారింది.

ఆ శనివారం, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో ఆ కొరికే పిల్ల గురించి చెప్పాను.

"కొందరి పుట్టుకే అంత అక్కా. వాళ్ళ కర్మ" అంది మా పై ఫ్లోర్ ఆవిడ.

"పాలపళ్ళు ఊడని పిల్లకి కర్మేమిటమ్మా?"

"అక్క మైక్ తీసుకుంది. ముందు ఆవిడ ప్లేట్‌లో బిర్యానీ పెట్టండి, లేకపోతే లంచ్ అవదు" అన్నారు వెనకనుంచి ఎవరో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ప్లేట్ అందుకున్నాను.

సోమవారం ఒక పాప ముద్దుగా ఆ పిల్ల చెంప నిమిరింది. ఆ పిల్ల వెంటనే పాప చేతిని కొరికింది. టీచర్ తల్లికి చెప్పడానికి ఫోన్ తీసింది. నేను ఆ పిల్ల ముందు కూర్చున్నాను. ఎందుకు కొరికావని అందరూ అడిగిందే. నేను "ఎక్కడ నొప్పి?" అన్నాను.

ఆమె నోరు తెరిచింది. ఎడమవైపు కింది దవడపళ్ళు రెండు నల్లగా పుచ్చి, చిగుళ్ళు చీము పట్టి ఉన్నాయి.

టీచర్ వచ్చి చూసి ఫోన్ పెట్టేసింది. ఆమె మొహం చిన్నబోయింది, నాదీ అలాగే ఉండి ఉంటుంది. ప్రతిదానికీ కారణం ఉంటుందని సభల్లో చెప్పిన దాన్ని, వారాలుగా ఆ పిల్ల పక్కనే తిరుగుతూ కారణం అడగలేదు. పైగా నొప్పికి ఓపిక అని పేరు పెట్టాను.

తల్లికి సంగతి తెలుసు. "పేదలకిచ్చే ప్రభుత్వ వైద్య కార్డు తీసుకునే డెంటిస్ట్ నాలుగు నెలల తర్వాత రమ్మన్నాడు" అంది. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని కనబడిన ప్రతి క్లినిక్‌కీ ఫోన్ చేసి వాదించాను. ఒకచోట ఒప్పుకున్నారు. పళ్ళు తీసేశారు. బడి మానిపించలేదు.

పళ్ళు పుచ్చడం ఎవరి తలరాతా కాదు. వేళకు డాక్టర్ దొరికితే ఆగిపోయే రోగం. ఆ నొప్పితోనే మాటలు నేర్చిన పిల్లకు, దగ్గరకొచ్చే ప్రతి చెయ్యీ బాధపెట్టేదే. దాన్ని స్వభావం అని రాసుకుని మనం చేతులు దులుపుకుంటాం.

ఆమె మళ్ళీ కొరకలేదు. కానీ మూల వదల్లేదు. వేసవి సెలవులకు ముందురోజు నేనూ గోడకానుకుని ఆమె పక్కన కూర్చున్నాను. అరటిపండు ముక్క ఇస్తే తీసుకుంది. కుడివైపే నమిలింది, చాలా మెల్లగా. ఎడమ చెంప ఇంకా గోడవైపే ఉంది.