మా కాలేజీలో సోషల్ డాన్సుల చరిత్ర

మా కాలేజీలో సోషల్ డాన్సుల చరిత్ర రాయడానికి ఒక్క పోస్టుకార్డు చాలు. అది డెబ్బైల్లో ఒక సాయంత్రం మొదలైంది, అదే సాయంత్రం నాలుగు నిమిషాల్లో ముగిసింది. పుట్టించినవాణ్ణీ ముంచినవాణ్ణీ నేనే. ఎలా ముంచానో చెబుతాను. నవ్వండి, ఇప్పుడు ఫరవాలేదు.

అప్పుడు అమలాపురంలో బీఏ రెండో ఏడు. పోటీకి ఇంకెవరూ నిలబడకపోవడంతో సాంస్కృతిక కార్యదర్శినయ్యాను. ఆ సెలవుల్లో విశాఖపట్నం వెళ్ళి, ఒక క్లబ్బు కిటికీలోంచి, జంటలు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం చూశాను, వాచ్‌మన్ తరిమేదాకా. అంతే! తిరిగి గోదావరి దాటేసరికి నేను పాశ్చాత్య నృత్యాచార్యుణ్ణి.

మా ప్రిన్సిపాల్ గారు వేదపండితుల ఇంటివారు. కోటు మీద కండువా, నుదుట విభూతి. వెళ్ళి, "వార్షికోత్సవంలో సోషల్ డాన్సు పెడదామండి" అన్నాను.

"సోషలంటే సాంఘికమేగా నాయనా? దివ్యంగా ఉంటుంది. ఈ పౌరాణికాలతో జనం విసిగిపోయేరు. మద్యపానం మీద పెట్టు."

"ఆయ్" అన్నాను.

చూశారా! మా కోనసీమవాళ్ళకి సరేనండి అనడానికి వాడే ఈ ఆయ్ తుమ్ములాంటిది. అది ముందు వచ్చేస్తుంది, ఆలోచన తర్వాత తీరిగ్గా వస్తుంది.

ఇక జంట కావాలి. కాలేజీ మొత్తానికి ఆడపిల్లలు పదకొండు మంది. వారిలో ధైర్యస్థురాలు సత్యవతి. వక్తృత్వపు పోటీల్లో బహుమతులన్నీ ఆవిడవే. లైబ్రరీ మెట్ల దగ్గర ఆపాను.

"చెయ్యి పట్టుకుని తిరగడమేనండి. ఇంకేం లేదు."

"ఎవరి చెయ్యండి?"

"నాదేనండి."

ఆవిడ నా చేతిని పుచ్చు వంకాయని చూసినట్టు చూసింది. "మా నాన్నగారికి చెబుతానండి. ఆయనే వచ్చి మీతో మాట్లాడతారు."

"అయ్యో, పెద్దవారికి ఎందుకండీ శ్రమ!" అని రెండేసి మెట్లు దిగాను.

చివరికి దొరికినవాడు నా రూమ్మేటు సుబ్బరాజు. రాజోలు వైపువాడు, చెడుగుడు ఆటగాడు. చీర కట్టుకోవడానికి ఒప్పుకున్నాడు గానీ మీసం దగ్గర మొండికేశాడు. "మీసం తీస్తే మా నాన్నగారు గుమ్మం ఎక్కనివ్వరొరేయ్!" సరే, పైటచెంగు మూతికి అడ్డం పెట్టుకోమన్నాను. ఆడలేనమ్మ మద్దెల ఓటిదన్నదట. మాకు ఆట రాకపోవడం అటుంచి, ఓటిదనడానికి మద్దెలైనా లేదు. ఫోటో స్టూడియోవాడు ఇచ్చిన ఇంగ్లీషు రికార్డు ఒక్కటే దిక్కు.

వార్షికోత్సవం రోజు మూడో వరసలో మా నాన్నగారు కూర్చున్నారు. ముమ్మిడివరంలో బడిపంతులు. రమ్మని ఆయనకి ఉత్తరం రాసింది కూడా ఈ మహానుభావుడే.

ప్రిన్సిపాల్ గారు మైకు అందుకున్నారు. "ఇప్పుడు మద్యపానం వల్ల కలిగే అనర్థాలపై సాంఘిక నృత్యం!"

"ఆయనేంట్రా అంటన్నారు?" అన్నాడు సుబ్బరాజు.

"నువ్వు తిరుగు!"

తిరిగాడు. మొదటి చుట్టులోనే, "కాలు! కాలు!" అని మూలిగాను.

"ఏ కాల్రా?"

"నా కాలే!"

వరికోత యంత్రం ఎక్కినట్టయింది. నిలబడలేక వాడి భుజం మీద వేలాడాను. ఇద్దరం ఇటు తూలాం, అటు తూలాం. ముందు వరసలో ఎవరో అమ్మగారు, "చూసేరా వదినా, ఎంత తాగేడో!" అన్నారు. "ఆ పిల్ల చూడండి, చెంగు అడ్డం పెట్టుకుని ఎలా కుమిలిపోతోందో!" అన్నారు వదినగారు. అంతలో నేను చీర కుచ్చిళ్ళు తొక్కాను. ఇద్దరం కలిసి, ప్రార్థనగీతానికి పెట్టిన హార్మోనియం మీద పడ్డాం. అది ఒక్క అరుపు అరిచి ఊరుకుంది. సభంతా చప్పట్లు. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు.

ముఖ్య అతిథి, రిటైరైన పోలీసు అధికారి, నన్ను వేదిక మీద నిలబెట్టి, "నా సర్వీసులో ఎందరో తాగుబోతుల్ని చూసేనండి. ఇంత సహజంగా తూలినవాడు లేడు. స్వానుభవం లేనిదే ఇది రాదు!" అని ఉత్తమ నటుడి బహుమతిగా ఒక స్టీలు గ్లాసు చేతిలో పెట్టారు.

బస్టాండుకి నడుస్తూ నాన్నగారు మెల్లిగా అడిగారు: "ఎన్నాళ్ళబట్టి?"

"ఒట్టండి నాన్నగారూ, చుక్క ముట్టలేదండి! అది తాగుడు కాదండి, ఇంగ్లీషువాళ్ళ డాన్సండి. ఆడపిల్లా మగపిల్లాడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని, నడుం మీద చెయ్యేసి తిరగాలండి. ఆడపిల్ల దొరక్క సుబ్బరాజుతో తిరిగేనండి."

నాన్నగారు ఆగిపోయారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"ఈ మాట ఇంకెవరితోనూ అనకు. ఊళ్ళో ఎవరైనా అడిగితే తాగేననే చెప్పు. కాస్త పరువుగా ఉంటుంది."

ఆ క్షణమే, కుంటుతున్న కాలి సాక్షిగా శపథం పట్టాను: ఈ జన్మలో పదిమంది ముందు ఎవరి చెయ్యీ పట్టుకుని గుండ్రంగా తిరగనని. పట్టిన శపథం నేటికీ తప్పలేదు. పెళ్ళిలో మాత్రం అగ్నిహోత్రం చుట్టూ తిరగవలసి వచ్చింది. అది పురోహితుడి బలవంతం. లెక్కలోకి రాదు.