తేనెపెట్టెలో వాము పువ్వు

నా చిన్నప్పుడు తేనెటీగను చూసి నేను మొదటిసారి భయపడింది అది కుట్టినప్పుడు కాదు, ఎగరకుండా నడిచినప్పుడు. అంబత్తూరులో మా తాత ఇంటి మిద్దె మీద, పొద్దున్నే, ఒక ఈగ నా కాలి వైపు నడుచుకుంటూ వచ్చింది. రెక్కలు ఉన్నాయి, కానీ తడిసి ఎండిన కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి. ఎగరబోయి పక్కకు పడింది. లేచి మళ్ళీ నడిచింది. దాని వెనక ఇంకొకటి, గోడ వారగా ఇంకొన్ని. నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో. ఏదో జరగకూడనిది జరుగుతోందని మాత్రం ఒంటికి తెలిసిపోయింది. తాతను పిలవడానికి పరుగున మెట్లు దిగాను.

ఆ పొద్దు ఈ వారమంతా నన్ను వదలడం లేదు. మా పాప తలలో పేలు పడ్డాయి. వినడానికి ఎంత చిన్న విషయం! షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంట్ నుంచి బడికి వెళ్ళే పిల్లల్లో ఇంకెంతమందికి ఉన్నాయో. అయినా నాకు నిద్ర పట్టడం లేదు. మందు సరిగా పట్టిందో లేదో, దాని తమ్ముడికి అంటుకుందేమో, దిండు గలీబులు మళ్ళీ వేడినీళ్ళలో వేయాలేమో అని లేచి లేచి చూస్తున్నాను. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. రాస్తేనైనా చేతులు ఒకచోట ఉంటాయని.

మా తాత అంబత్తూరులోనే ఒక ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరయ్యాక తేనెటీగలు పెంచడం మొదలుపెట్టాడు. మిద్దె మీద ఒకే పెట్టె, అందులో ఇటలీ జాతి ఈగలు. పెట్టెకు ఒక పక్క తనే అద్దం బిగించి, దాని మీద నల్లగుడ్డ వేలాడదీశాడు. గుడ్డ కొంచెం ఎత్తితే లోపల ఈగల ఆట కనబడేది. ఎక్కడో వేపచెట్టు పూసిందని చూసి వచ్చిన ఈగ, తుట్టె మీద నడుం ఊపుతూ తిన్నగా పరుగెత్తేది. తిరిగి మొదటికి వచ్చి మళ్ళీ ఊపేది. ఏ దిక్కుకు పోవాలో, ఎంత దూరమో ఆ ఊపులోనే ఉంటుందని తాత చెప్పేవాడు. మిగతావి మీసాలతో దాన్ని తడుముతూ వెంటబడేవి. పెట్టెలో చీకటి కదా, అక్కడ చూపుతో పని జరగదు. తాకిడితోనూ వాసనతోనూ ఒకరి సంగతి ఒకరికి తెలియాలి. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ కూడా దించకుండా నేను ఆ గుడ్డ ఎత్తి కూర్చునేదాన్ని.

ఆ పొద్దున తాత మూత తీసి, ఒక ఈగను మెల్లగా పట్టుకొని తిప్పి చూపించాడు. పొట్ట కింద రాగిరంగు చుక్క, ఆవగింజ కన్నా చిన్నది, కదులుతోంది. నల్లి అన్నాడు. మంచాల్లో ఉండే నల్లి వేరు, ఇది ఈగలను పట్టేది. ఈగ ఇంకా తుట్టెలోని గదిలో పురుగుగా ఉన్నప్పుడే లోపలికి దూరి దాని ఒంట్లోని సారం తాగుతుంది, రోగమూ అంటిస్తుంది. అలా పుట్టిన ఈగకు రెక్కలు విచ్చుకోవు. రెక్కలు బాగున్నవి కూడా కొన్ని మేతకు పోయి ఇంటి దారి మరిచిపోతాయట. చెబుతున్నప్పుడు తాత గొంతు మామూలుగానే ఉంది. మూత పెట్టడం మాత్రం ఆయనకు ఒక పట్టాన కుదరలేదు.

దీనికి మందు వాము పువ్వు. వాము నుంచి తీసిన తెల్లటి పలుకులు, కర్పూరంలా ఘాటుగా ఉంటాయి. పల్చటి గుడ్డలో కొంచెం మూటకట్టి పెట్టెలో చట్రాల మీద పెడితే ఆ ఆవిరికి నల్లి రాలుతుంది. తాత అప్పటికప్పుడు బస్సెక్కి జార్జి టౌన్‌లో నాటుమందుల అంగడికి పోయి తెచ్చాడు. ఎంత పెట్టాలో ఆయనకు తెలియక కాదు. కానీ మా ఇంట్లో వామును మందుగా ఎవరూ లెక్కపెట్టరు. కడుపునొప్పికి వాము, జలుబుకు వాము, పసిబిడ్డ ఏడిస్తే వాము నీళ్ళు. వాము ఎవరికైనా చేటు చేస్తుందా? ఒక్క మూట పెట్టవలసిన పెట్టెలో తాత నాలుగు మూలలా నాలుగు మూటలు పెట్టాడు.

వాసన మెట్లు దిగి వంటింటిదాకా వచ్చింది. మా అవ్వ కింది నుంచే అరిచింది.

“ఏందయ్యా, నీ ఈగలకు అజీర్తి చేసిందా? ఈడ నా కండ్లు మండతా ఉండాయి!”

“నీకేం తెల్సే, అరవకుండా సుమ్మా ఉండు,” అన్నాడు తాత.

అవి మే నెల కత్తిరి ఎండలు. మరుసటిరోజు మధ్యాహ్నానికి మిద్దె పెనంలా కాలింది, లోపల వాము పువ్వు ఆవిరైపోయింది. నేను మిద్దె మీదికి వచ్చేసరికి ఈగలు పెట్టె ముందు గడ్డంలా గుంపుగా వేలాడుతున్నాయి. మేతకు పోయి వచ్చినవాటిని కాపలా ఈగలు వాకిట్లోనే ఆపేస్తున్నాయి. రెక్క పట్టి ఈడుస్తున్నాయి, కిందికి తోసేస్తున్నాయి. పొద్దున అదే వాకిలి నుంచి పోయిన సొంత ఈగలవి. ఇంటి వాసనను బట్టే అవి తమవాళ్ళను గుర్తుపడతాయి. ఇప్పుడు ఇంటినిండా వాము తప్ప వేరే వాసన లేదు. నల్లగుడ్డ ఎత్తి చూశాను. తుట్టె మీద ఒక ఈగ నడుం ఊపుతోంది. దాని వెంట ఎవరూ లేరు. కాసేపు ఆడి ఆగింది, మళ్ళీ ఆడింది, తర్వాత ఊరికే నిలబడిపోయింది. రెక్కలు ముడుచుకుపోయిన ఈగలను చూసినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది నాకు.

తాత చొక్కా తొడుక్కుంటున్నాడు. “ఇట్లే ఉంటే రెండు దినాల్లో లేచిపోతాయి, పెట్టె ఖాళీ. ఆ అంగట్లో ఇంకో మందు దొరకతాదంట, ఆసిడ్డు. పోయి తెస్తా.”

మోకాళ్ళ నొప్పితో ఎప్పుడూ మిద్దెక్కని అవ్వ ఆ రోజు ఎక్కి వచ్చింది. వాకిట్లో జరుగుతున్నది కాసేపు చూసింది. “మళ్ళా మందా? నల్లి సగం చంపితే నువ్వు సగం చంపతా ఉండావు. దొంగను కొట్టబోయి ఇంట్లోవాళ్ళను కొడితే ఎట్లయ్యా? మొదట ఆ మూటలు తియ్యి.”

తాత చొక్కా విప్పేశాడు. మూటలన్నీ తీసి, మూత ఓరగా పెట్టి, పెట్టె మీదికి నీడగా పాత గోనెపట్టా కట్టాడు. వాసన విరగడానికి ఆ రోజంతా పట్టింది. నేను మిద్దె దిగలేదు. వెళ్ళిపోతాయేమో, ఇప్పుడే వెళ్ళిపోతాయేమో అని పెట్టె వైపే చూస్తూ కూర్చున్నాను.

మరునాడు పొద్దున అవ్వ జల్లెడా, మెత్తగా కొట్టిన చక్కెరా పట్టుకొచ్చింది. “లడ్డుకు చక్కెర కొట్టేటప్పుడు నీ ఈగ ఒకటి గిన్నెలో పడింది. తీసి ఈ పిల్ల చేత పెట్టె వాకిట్లో పెట్టిస్తే మిగతావన్నీ చుట్టూ చేరి నాకి నాకి తోమినాయంట. నల్లినీ అట్లే దులుపుకోవా, పావం?”

“రేపట్నించి బొబ్బట్లు కూడా పెట్టు,” అన్నాడు తాత. కానీ మూత పట్టుకున్నది ఆయనే. పెట్టె అడుగున నువ్వులనూనె రాసిన తెల్లకాగితం పరిచిందీ ఆయనే.

అవ్వ జల్లించింది. ఈగలన్నీ పిండిమర నుంచి వచ్చినవాళ్ళలా తెల్లబడ్డాయి. ఒక్క క్షణం అన్నీ ఆగిపోయాయి. తర్వాత పక్కనున్నదాన్ని పక్కది నాకడం మొదలుపెట్టింది. వీపు, మెడ, రెక్కల సందు, తనకు తాను అందుకోలేని చోటల్లా ఇంకొకటి. సాయంత్రం కాగితం లాగి చూస్తే నూనెలో రాగిరంగు చుక్కలు అంటుకొని ఉన్నాయి. తాత కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చూశాడు.

చక్కెరతో అంతా అయిపోలేదు. మూసిన గదుల్లో దాక్కున్న నల్లిని అది తాకదు. అవ్వ ఇంకొన్నిసార్లు జల్లించాక, ఎండలు తగ్గాక, తాత వాము పువ్వు మళ్ళీ పెట్టాడు, ఒక్క చిన్న మూట. అప్పటికే పెట్టెలో ఈగలు బాగా పలచబడ్డాయి. ఆ ఏడు తేనె తీయలేదు. కానీ ఒక సాయంత్రం గుడ్డ ఎత్తితే, ఒక ఈగ నడుం ఊపుతోంది, దాని వెంట నాలుగైదు తడుముకుంటూ తిరుగుతున్నాయి. కేక పెట్టి తాతను పిలిచాను. ఆయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూసి, “నల్లి కంటే నేనే ఎక్కువ బెదరగొట్టినా వీటిని,” అన్నాడు.

ఆ మాట ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. భయపడ్డ మనిషి చెయ్యి కొలత మరిచిపోతుంది, అది ప్రేమే కాబట్టి ఎవరూ ఆపరు. తెలిసి కూడా ఈ వారం నేనేం చేశాను? వారం ఆగి రాయమన్న మందును మూడోరోజే మళ్ళీ రాశాను. దాని మీద వేపనూనె, దాని మీద కర్పూరం. తమ్ముడి మంచం వేరే గదిలో వేశాను. అక్క దగ్గరికి పోతే దెబ్బలు పడతాయన్నాను. మొదటిరోజు పాప “అమ్మా, మండుతుంది మా” అంది. ఓర్చుకోమన్నాను. ఈ సాయంత్రం నేను సీసా తీయగానే తను ఏమీ అనలేదు, తల వంచింది. చెవి వెనక ఎర్రగా కందిపోయి ఉంది. బడి వ్యాన్ దిగిన దగ్గర్నుంచి లిఫ్ట్ ఎక్కేదాకా నోరు మూయని పిల్ల, బడిలో ఏం జరిగిందో చెప్పి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు రావడం లేదు. పేలకు భయపడి నేను లేచి లేచి చూశాను గానీ, దీనికి భయపడాలని తోచలేదు.

రాత్రి ఇంతవరకు రాసి సీసాలన్నీ అటకమీద పెట్టేశాను. పొద్దున ఇద్దరినీ బాల్కనీలో పక్కపక్కన కూర్చోబెట్టి, పాప తల తడిపి, సన్నపళ్ళ దువ్వెన చేతిలోకి తీసుకొని చెప్పాను.

“ఇంకో వారం దాకా మందు లేదు. దువ్వుతాను, అంతే. పేలు ఒక్కరోజులో పోవు, పోకపోతే పోనీ, రేపు మళ్ళీ దువ్వుకుందాం. తమ్ముడు ఇక్కడే కూర్చుంటాడు, నీ తర్వాత వాడి తల. ఎక్కడైనా మండితే మండుతుందని చెప్పు బంగారూ. నువ్వు చెప్పగానే ఆపేస్తాను.”